తెర వెనక కుర్చీ

నేను ఒక కుర్చీని. అలాగని వరండాలో ఎండకి ఎండే పేము కుర్చీ అనుకునేరు! టేకు చేతులు, లోపల ఇనుప స్ప్రింగులు, వాటిమీద కొబ్బరి పీచు, బూరుగుదూది, పైన ఎర్ర ముఖమల్. గోపవరం జమీవారి తోట బంగళా కోసం పుట్టాను. ఇంత సోకు చేసి, తీరా ఎవరి కంటా పడని చోట వేశారు.

జమీందారు పోయి ఏడాది కాలేదు. ఆయన భార్య చెల్లాయమ్మకి జమీ నడిపే సత్తా ఉందో లేదో తేల్చడానికి ఒక తెల్లదొర వస్తున్నాడు. లేదని రాసిపోతే జమీ సర్కారు చేతికి పోతుంది. ఆమెది ఘోషా, పరాయి మగవాడి కంట పడకూడదు. తెర వెనక చాపమీద కూర్చుని జవాబు చెప్పాలి. తెర ఇవతల దొర మాత్రం కుర్చీలో! అందుకని ఆమె వడ్రంగి అప్పలాచారికి కబురంపి, హాల్లో అతిథుల కుర్చీ ఎంత ఎత్తుందో అంతే ఎత్తున నన్ను చెయ్యమంది.

దివాను పేరిశాస్త్రి నొచ్చుకున్నాడు.

"తెర వెనకాల కుర్చీ ఎందుకమ్మా? ఎవరు చూడొచ్చారు?"

"ఎవరూ చూడక్కర్లేదు శాస్త్రిగారూ. దొర మాట నా నెత్తిమీంచి రాకూడదు. అంతే."

ఎత్తు సమానంగానే కుదిరింది. కానీ అతిథుల కుర్చీకి వయసైపోయింది. వచ్చిన ప్రతి దొరా విందు తిని అందులోనే కూలబడేవాడు, పాపం స్ప్రింగులు మాత్రం ఏం చేస్తాయి? తెల్లదొర కూర్చోగానే జానెడు లోపలికి దిగిపోయాడు. నేను కొత్తదాన్ని, బిగువుగా ఉన్నాను. ఆమె గొంతు పైనుంచి వస్తుంటే ఆయన తలెత్తి తెరకేసి చూడాల్సి వచ్చింది. నాకు నవ్వాగలేదు.

ఏ చెరువుకి గండి పడిందో, ఏ ఊళ్ళో శిస్తు తగ్గించాలో, అడిగినదానికల్లా ఆమె తడుముకోకుండా చెప్పింది. దొరకి అదే అనుమానం తెచ్చింది. ఆయన అడిగినదాన్ని దుబాసీ నసుగుతూ తెలుగులో చెప్పాడు.

"తెర వెనక తమకి జవాబులు అందిస్తున్నదెవరని దొరగారు అడుగుతున్నారండి."



"తెర తీయించండి శాస్త్రిగారూ," అంది ఆమె. "ఎవరున్నారో దొరగారినే చూసుకోమనండి."

"అమ్మా, వంశ మర్యాద..."

"జమీ పోయాక ఆ మర్యాద ఎక్కడ పెట్టుకుంటాం? తీయించండి."

తెర పక్కకి జరిగింది. ఆమె, నేను. ఇంకెవరూ లేరు. దొర ఆ గోతిలోంచి అవస్థపడి లేచి, తల వంచి నిలబడ్డాడు. జమీ ఆమె చేతిలోనే ఉండిపోయింది. ఆ బంగళాలో ఆమె మళ్ళీ తెర కట్టనివ్వలేదు.

ఇప్పుడు నేను మ్యూజియంలో ఉన్నాను. చుట్టూ తాడు, మీద దుమ్ము. ఆ తల్లికి భయమంటే తెలియదని గైడు రోజూ చెబుతుంటాడు. వింటే నాకు ఒళ్ళు మండుతుంది. భయం లేనివాళ్ళు కూర్చోవడంలో గొప్పేముంది? తెర జరిగినప్పుడు ఆమె వేళ్ళు నా చేతుల్ని ఎంత గట్టిగా పట్టుకున్నాయో నాకు తెలుసు. ఆమె ఒళ్ళంతా ఎలా వణికిందో నా ప్రతి స్ప్రింగుకీ తెలుసు. అయినా ఆమె లేవలేదు.