పదిహేడో ట్యూబు

ల్యాబులో అందరూ ఆమెను చీమ అంటారు. పొట్టిగా, సన్నగా ఉంటుంది, చేతిలో ఎప్పుడూ ఏదో ఒక ట్రే మోస్తూ తిరుగుతుంది, అందుకని ఆ పేరు. సోమవారం నుంచి మాత్రం ఆ చీమ కాలుగాలిన పిల్లి అయింది. ఫ్రిజ్ తలుపు తీస్తుంది, ఎందుకు తీసిందో మర్చిపోయి మూసేస్తుంది. కంప్యూటర్ దగ్గరికెళ్లి చూసిన గీతనే మళ్లీ చూస్తుంది. నెత్తురు పరీక్షలో పదిహేడో నంబరు ట్యూబుకు వచ్చిన గీత.

ఆ ల్యాబులో జరిగేది నెత్తుట్లో ఒక బుల్లి ఆర్ఎన్ఏ తునకను వెతికే పని. ఒంట్లో ప్రోటీన్లు తయారవ్వాలంటే పొడుగాటి ఆర్ఎన్ఏలు కబుర్లు మోయాలి. ఈ తునకలు ఏ కబురూ మోయవు, వీటితో ఏ ప్రోటీనూ తయారవదు. అందుకే ఒకప్పుడు వీటిని ఎవరూ పట్టించుకోలేదు. తీరా చూస్తే పిట్ట కొంచెం, కూత ఘనం! ఏ కబురును సాగనివ్వాలో, దేని నోరు నొక్కెయ్యాలో చూసుకునేది ఇవే. వీటి లెక్క తప్పితే కణం పగ్గాలు తెంచుకుని క్యాన్సర్ దాకా పోవచ్చు. ల్యాబుకు పెద్దయిన మేడమ్ మూడేళ్లుగా వాటిలో ఒకదాన్ని పట్టుకుని వేలాడుతోంది. కడుపు క్యాన్సర్ ఉన్న నలభై మందిలో అది ఎక్కువగా ఉంది. ఏ జబ్బూ లేని నలభై మందిలో తక్కువగా ఉంది, ఒక్కరిలో తప్ప. ఆ ఒక్కరే పదిహేడు. శుక్రవారం శాస్త్రవేత్తల సభలో మేడమ్ ఈ సంగతి చెప్పబోతోంది.

"నలభైలో ఒకటి అటూ ఇటూ అవుతుందిలే," అంది మేడమ్ నవ్వుతూ.

మేడమ్‌కు అది ఒట్టి నంబరు. చీమకు సొంత అక్క.

ఆరోగ్యవంతుల నెత్తురు కావాలంటే ల్యాబువాళ్లు ముందు పడేది ఇంట్లోవాళ్ల మీదే. మేడమ్ భర్త చెయ్యి చాపాడు. గదులు తుడిచే అతను ఇద్దరు బావమరదుల్ని లాక్కొచ్చాడు. చీమ నాలుగు నెలల కిందట అక్కను పట్టుకుంది. అక్కది కుట్టుపని దుకాణం. "మిషను వదిలి నేనెక్కడికొస్తానే, నువ్వే రా," అంటే చీమే వెళ్లి, ఇస్త్రీ బల్ల పక్కన కూర్చోబెట్టి సూది గుచ్చింది. ట్యూబును స్కూటర్ ముందు బుట్టలో వేసుకుని వచ్చింది. నెత్తురు ల్యాబు కుర్చీలోనే తీయాలని నియమం. ఆ నియమానికి ఒక దండం పెట్టి, ఫారంలో 'ల్యాబులోనే' అని రాసేసింది.

ఇంకో నియమం కూడా ఉంది. ఫలితం ఎలా వచ్చినా నెత్తురిచ్చినవాళ్లకు చెప్పకూడదు. సంతకం కూడా పెట్టింది. వాళ్లమ్మను తీసుకుపోయింది ఈ కడుపు క్యాన్సరే. ఇక చీమ కాలు నిలుస్తుందా?

మంగళవారం మధ్యాహ్నం దుకాణానికి వెళ్లింది, ఊడని గుండీ ఒకటి కుట్టించుకోవడానికి.

"ఈ గుండీకేమొచ్చిందే? గట్టిగానే ఉందిగా," అంది అక్క. మిషను పక్క డబ్బాలోంచి కడుపులో మంటకు వాడే మాత్ర ఒకటి తీసి నోట్లో వేసుకుంది.

"ఎన్నాళ్ల నుంచి వేసుకుంటున్నావవి?"

"నువ్వేమన్నా పోలీసువా? ఎందుకలా గుచ్చి గుచ్చి చూస్తున్నావ్?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, "నేనేం చూశాను? నాకేం తెలుసు?" అని చీమ గబగబా లేచొచ్చేసింది. దారంతా తనను తాను తిట్టుకుంది. చెబితే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే అక్క పోతుందేమో. ఇంత చిన్న సంగతి తేల్చుకోలేకపోతున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

బుధవారం పొద్దున ల్యాబుకు వస్తుంటే స్కూటర్ స్పీడ్ బ్రేకర్ ఎక్కి దబ్బున దిగింది. బుట్టలో మంచినీళ్ల సీసా ఎగిరి పడింది. తీసి చూస్తే లోపల బుడగలే బుడగలు. చీమ బండిని పక్కకు ఆపేసింది.

ఆరోజు అక్క నెత్తురూ ఈ బుట్టలోనే, ఈ దారిలోనే కదా వచ్చింది! మిగతా ముప్పై తొమ్మిది మంది కుర్చీలో కూర్చుని ఇస్తే నిమిషాల్లో కణాలు తీసేసి, పైన తేలే పసుపు నీటిని వేరుచేసింది. పరీక్ష చేసేది ఆ నీటినే. మరి రోగుల ట్యూబుల సంగతి? అవి అవతలి భవనంలోని వార్డు నుంచి తోపుడు బండి మీద, ఎగుడుదిగుడు బండల మీద గడగడలాడుతూ వస్తాయి. వచ్చాక కూడా మధ్యాహ్నం దాకా గుమ్మం దగ్గర పడుంటాయి. కుదిపితే ఎర్రకణాలు పగులుతాయి. వాళ్లు వెతికే తునక ఎర్రకణాల నిండా కూరి ఉంటుంది, పగిలితే ఆ నీట్లోకి కారిపోతుంది. కొద్దిపాటి పగుళ్లయితే రంగులో కంటికి ఆనదు కూడా.

గురువారం తన చేతికి తనే సూది గుచ్చుకుని రెండు ట్యూబులు నింపింది. ఒకటి అప్పుడే వేరుచేసింది. రెండోదాన్ని బుట్టలో వేసుకుని అక్క దుకాణం దాకా వెళ్లి, లోపలికి పోకుండానే వెనక్కి వచ్చి, మధ్యాహ్నం దాకా గుమ్మం దగ్గర పెట్టింది. సాయంత్రానికి పరీక్ష మిషను చెప్పేసింది. కదలని నెత్తురు ఆరోగ్యవంతుల్లో ఉంది. ఊరు తిరిగొచ్చిన నెత్తురు రోగుల్లో చేరింది. మనిషి ఒకతే!

చీమకు నవ్వాగలేదు. నవ్వుతూనే ఏడ్చింది. ఆ తర్వాత మేడమ్ గుర్తొచ్చి నీరుగారిపోయింది.

మేడమ్ రెండు గీతల్నీ చాలాసేపు చూసింది. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"అంటే మూడేళ్లుగా నేను చూసింది జబ్బును కాదు, తోపుడు బండి కుదుపుల్ని. కొండను తవ్వి ఎలుకనైనా పట్టలేదన్నమాట. ఇంతకీ నీకీ అనుమానం ఎలా వచ్చింది?"

చీమ దాచలేదు. అక్క సంగతి, బుట్ట సంగతి, ఫారంలో అబద్ధం, అన్నీ చెప్పేసింది. మేడమ్ కోపంతో ఎర్రబడింది, ఏదో అనబోయింది, మళ్లీ గీతల వైపు చూసి ఆగిపోయింది.

"నీ ఉద్యోగం సంగతి తర్వాత చూద్దాం. రేపు నేను సభకు వెళ్లడం లేదు," అంది చివరికి.

"మేడమ్, అయితే మా అక్కకేం లేనట్టేగా?"

"ఆ పరీక్షకు మీ అక్క సంగతే తెలీదమ్మా. ఉందనీ చెప్పలేదు, లేదనీ చెప్పలేదు. మాత్రలు మింగుతోందన్నావు, మీ అమ్మగారికీ ఇదే జబ్బన్నావు. మామూలు డాక్టరుకు చూపించారా?"

చీమ నాలుగు రోజులు గీత చుట్టూ తిరిగింది గానీ, అక్కను చెయ్యి పట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలని ఒక్కసారీ తోచలేదు.

శుక్రవారం దుకాణం తెరిచే వేళకే వెళ్లి, మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. అక్క మిషను ఆపింది. కోప్పడుతుందనుకుంది చీమ. అక్క గుడ్డ మడతపెడుతూ నెమ్మదిగా అంది:

"నువ్వు సూది పట్టుకుని రాకముందు నుంచే నాకు కడుపులో నొప్పి. అమ్మకు మొదలైనట్టే మొదలైంది. డాక్టరంటే భయమేసింది. అంతలో నువ్వే వచ్చి నెత్తురు తీసుకుపోయావు. నీ నోట్లో నువ్వుగింజ నానదు కదా, ఏమన్నా ఉంటే సాయంత్రానికల్లా ఏడుస్తూ వచ్చేదానివి. నువ్వు రాలేదు. వారమైంది, నెలైంది, నువ్వేం అనలేదు. సరే, నాకేం లేదులే అని మాత్రలు మింగుతూ కూర్చున్నా."

"అక్కా, అది నాలుగు నెలలూ ఫ్రిజ్‌లోనే ఉంది. ఎవ్వరం చూడనేలేదు. ఈ సోమవారమే చూశాం."

అక్క చేతిలో మడత జారిపోయింది. తర్వాత అక్కే లేచి షట్టర్ దించింది.

ఆస్పత్రి దారిలో స్కూటర్ మీద చీమ ముందు, అక్క వెనక. స్పీడ్ బ్రేకర్ కనపడగానే చీమ బండిని దాదాపు ఆపేసి, పైకి మెల్లగా ఎక్కించి, మెల్లగా దించింది. రెండోది వచ్చినప్పుడూ అంతే. మూడోదాని దగ్గర అక్క ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

"నేనేం గాజు ట్యూబును కాదే. త్వరగా పోనీ. ఇప్పటికే నాలుగు నెలలు ఆలస్యమైంది."