మొదటి రీలు అయ్యేదాకా

ఐలయ్య గాజుముక్క మీద ఉమ్మి, నిన్న రాసిన పేరు బొటనవేలితో చెరిపేశాడు. ఎవరింట్లోనో బర్రె ఈనుతోందని కబురొస్తే, ఆ ఇంటాయన్ని లేపడానికి తెర మీద వేసిన పేరు అది. “గారు వెంటనే గేటు దగ్గరకు రావలెను” అన్న మాటలు మాత్రం రంగుతో రాసినవి, చెరగవు. వాటి ముందు పేరుకు కాస్త ఖాళీ. సిరాతో రాయాలి, బొమ్మ వేసే మిషను ముందు పెట్టాలి, మనిషి లేచి పోయాక తుడవాలి. శేరిలింగంపల్లి రేకుల టాకీసులో పద్దెనిమిదేళ్లుగా అతను చేస్తున్న పనుల్లో అదొకటి.

గాజును, తెర మీదికి వెలుగు పోయే కంత కింద చెక్క మీద పెట్టి, మిషనులో మండే కార్బన్ కడ్డీలు చూసుకున్నాడు. కుడిచేతి రెండు వేళ్లకు గోళ్లు లేవు. ఆ కడ్డీలే కాల్చేశాయి. కళ్ల కింద చర్మం ఎప్పుడూ తడిగానే ఉంటుంది. ఏడుపేమీ కాదు, ఆ తెల్లటి మంట చూసి చూసి కారే నీళ్లు. గది ఆరడుగులు. ఇనుప తలుపు. ఎండాకాలం మ్యాట్నీకి ఒంటి మీద చొక్కా నిలవదు.

పొద్దున ఇంట్లో పెళ్లాం రుక్కమ్మ గోడకు ఆనుకుని ఊపిరి లాగుతూ కూర్చుంది. పడుకుంటే ఆడదు. పుప్పాలగూడ గుట్టల్లో ఇరవై ఏళ్లు కంకర కొట్టిన మనిషి. ఆ దుమ్ము లోపలే ఉండిపోయిందని దవాఖానాలో చెప్పారు. మందు మాత్రం చెప్పలేదు.

“ఇయ్యాల పోకు,” అంది.

“కొత్త బొమ్మ పడ్తది. నేను లేకుంటె మిషనెవలు నడుపుతరు?”

“జర భయమైతున్నది.”

“పక్కింటి బుచ్చమ్మకు చెప్పిపోత. ఎక్కువైతె ఆమెను తోలు. కబురొస్తె చాలు, ఉరికొస్త.”

రుక్కమ్మ తలూపింది. ఎప్పుడైనా టాకీసుకు వస్తే ఆమె నేలలో కూర్చుని, తెరను వదిలేసి వెనక్కి తిరిగి వెలుగొచ్చే కంతను చూసేది. “బొమ్మ అటున్నది” అని పక్కవాళ్లు నవ్వేవారు. “మా ఆయన ఇటున్నడు” అనేది.

ఐలయ్యకు పాటలు పట్టవు, ఫైటింగులు పట్టవు. హంతకుడెవరో తేలే చివరి రీలు నడుస్తుంటే బీడీ తాగుతాడు. అతనికి కావలసింది మొదటి రీలు. పోయినవారం బొమ్మలో సరిగ్గా కత్తి మెరిసే వేళ గేటుకాడి వెంకటనారాయణ ఏదో కబురు తెచ్చాడు. స్లైడు వేయక తప్పలేదు. కత్తి మీద “ఎల్లేశం గారు” అని పడింది. హాలంతా గొల్లుమంది. కట్టుకున్న భయమంతా కూలిపోయింది.

ఐలయ్య పోయి యజమాని చలపతిరావుకు చెప్పాడు. ఆయన టికెట్ల వరస ముందే వెంకటనారాయణ చెంప పగలగొట్టాడు. “ఇకమీదట మొదటి రీలయ్యేదాకా స్లైడు లేదు, గేటు తీసేది లేదు. ఆ ఐలయ్యకున్న జ్ఞానం నీకుండక్కర్లేదూ?”

మ్యాట్నీ మొదలైంది. తెర మీద వాన. పాత బంగళా. లాంతరు పట్టుకుని ఒక ఆడమనిషి. తలుపు మీద మూడు దెబ్బలు. ఆమె గడియ దాకా వచ్చి చెయ్యి ఆపుకుంది. వచ్చిందెవరో చూపలేదు. సంగీతం లేదు, వాన చప్పుడు తప్ప. నాలుగువందల మందిలో ఒక్కరూ దగ్గలేదు. ఐలయ్య కంతకు నుదురు ఆనించి నిలబడ్డాడు. తలుపు తీస్తే అయిపోతుంది. తీయనంతసేపే బొమ్మ.

మళ్లీ దెబ్బలు. ఈసారి నాలుగు. బొమ్మలో మూడేగదా అనుకుని వెనక్కి చూశాడు. కొడుతున్నది అతని ఇనుప తలుపునే.

“ఐలన్నా, జర తియ్యి. కబురొచ్చింది. ఓ పేరు రాయాలె,” వెంకటనారాయణ గొంతు.

“మతి ఉన్నదా? మొదటి రీల్ నడుస్తుంది.”

“అర్జెంటంట. మనిషి సావుబతుకుల్లున్నదంట.”

“సచ్చేటోల్లుంటె రీల్ అయినంక సావుమను.”

బయట అగ్గిపుల్ల గీసిన చప్పుడు.

“ఎవల పేరో అడగవా?”

“అడగ. పో.”

“మంచిది. నువ్వే అన్నవ్,” అన్నాడు వెంకటనారాయణ. మెట్లు దిగే చెప్పుల చప్పుడు తీరుబడిగా వినిపించింది.

రీలు అయిపోయి దీపాలు వెలిగాయి. జనం ఒక్కసారిగా ఊపిరి వదిలారు. ఐలయ్య చెమట తుడుచుకుని, తృప్తిగా తలుపు తీశాడు. వెంకటనారాయణ మెట్ల మీద కూర్చుని బీడీ పీలుస్తున్నాడు.

“ఇగ చెప్పు పేరు,” అంటూ ఐలయ్య కలం సిరాలో ముంచి గాజు చేతికి తీసుకున్నాడు.

“రాస్కో. ఆపరేటర్ ఐలయ్య.”

“పరాచికాలాడకు.”

“మీ పక్కింటి బుచ్చమ్మ గేటు కాడ నిలబడి నిలబడి పోయింది. నీ పెండ్లాం నిన్ను తోల్కరమ్మన్నదంట.” బీడీ మెట్టుకు రాసి ఆర్పాడు. “రూల్ నీదేనాయె. నాకెందుకు ఇంకో చెంపదెబ్బ?”

కలం కొస నుంచి సిరా గాజు మీదికి కారింది.

కింద ఈలలు. చలపతిరావు కేక: “ఏమయ్యా ఐలయ్యా, నిద్రపోయావా? రెండో రీలు ఎక్కించవయ్యా!”

ఐలయ్య గాజును చెక్క మీద పెట్టాడు. చేతులు వాటంతట అవే రీలు ఎక్కించాయి, ఫిల్ము పళ్లకు తగిలించాయి, కడ్డీలు వెలిగించాయి. తెర మీద బొమ్మ కదిలాక గాని కాళ్లకు సంగతి తెలియలేదు. చొక్కా లేకుండానే మెట్లు దిగి ఉరికాడు. వెనక కడ్డీలు జరిపేవాడు లేక తెర ఎర్రబడి, నల్లబడి, ఆరిపోయింది. జనం తిట్లు రైలు పట్టాల దాకా వినిపించాయి.

గుడిసె తలుపు తెరిచే ఉంది. రుక్కమ్మ గోడకు ఆనుకునే ఉంది.

“గిప్పుడే పానం పోయిందన్నా,” అంది బుచ్చమ్మ. “బీడీ తాగినంత సేపు గాలే. నువ్వొస్తున్నవని అబద్ధం చెప్పిన. తలుపు దిక్కే సూసుకుంట కూసున్నది. ఏ చప్పుడైనా, వచ్చిండా అని అడిగె.”

ఐలయ్య మళ్లీ ఆ మెట్లెక్కలేదు. చలపతిరావు మర్నాటికి నాంపల్లి నుంచి ఇంకో ఆపరేటరును తెచ్చుకున్నాడు. ఆ మనిషి మిషను తుడిచాడు, కొక్కేనికున్న పాత చొక్కా తీసి మెట్ల మీదికి విసిరాడు. కంత కింద చెక్క మీద గాజుముక్క అలాగే ఉంది. గారు వెంటనే గేటు దగ్గరకు రావలెను. దానికి ముందు, పేరు రాసే చోట, ఎండిపోయిన ఒక్క సిరాబొట్టు.