ఆంటీ ఇచ్చిన మాత్రలు

నైజీరియాలోని ఇబడాన్‌లో కోడలు గడప తొక్కేనాటికి ఆ ఇంట్లో పుట్టి ఉన్నవాళ్ళంతా ఆమెకు పెద్దలే. వయసుతో పనిలేదు. ఆడపడుచు టిటిలోపే కికెలోమో కన్నా బాగా చిన్నది. అయినా కికెలోమో ఆమెను ఆంటీ అనాలి, పొద్దున్నే మోకరిల్లి పలకరించాలి, ఇచ్చింది రెండు చేతులా పుచ్చుకోవాలి. కట్టుకున్నవాడు ఒక్కడే అయినా, "మా పెళ్ళామా" అని పిలిచే హక్కు మాత్రం ఇంటిల్లిపాదికీ ఉంది.

కికెలోమోది సికిల్ సెల్ జబ్బు. రక్తకణాలు కొడవళ్ళలా వంగి నాళాల్లో ఇరుక్కుంటాయి. అందరి కొడవళ్ళూ పైరును కోస్తే ఈమెవి కీళ్ళను కోస్తాయి. రెండో కాన్పులో బిడ్డ సులువుగానే దక్కింది. తల్లిని దక్కించుకోవడానికే ఆసుపత్రి కిందామీదా పడింది. మూడో కాన్పు మాట తలపెట్టవద్దని, పెడితే తలే మిగలదని డాక్టర్లు తేల్చేశారు.

ఆ సంగతి వినగానే టిటిలోపే కుట్టుమిషను ఆపి, తాను మింగే గర్భనిరోధక మాత్రల అట్ట ఒకటి తెచ్చి చేతిలో పెట్టింది. మంచి మనసుతోనే. తనకు పడింది లోకానికంతా పడుతుందనుకోవడం ఆరోగ్యవంతులకుండే అనారోగ్యం. కికెలోమో కాదనలేదు. ఆంటీని కాదనడం ఆ ఇంట్లో ఎవరూ నేర్పలేదు. మర్నాటి నుంచే మింగసాగింది.

ఆసుపత్రికి పరీక్షకు వెళ్ళినప్పుడు, ఏ మందులు వాడుతున్నావని నర్సు అడిగితే ఆ అట్ట కూడా తీసి బల్లమీద పెట్టింది. నర్సు దాన్ని తిప్పి చూసింది. ఇందులో హార్మోన్లు రెండని, వాటిలో ఈస్ట్రోజెన్ రక్తం గడ్డకట్టే ప్రమాదాన్ని పెంచుతుందని, ఈ జబ్బుతో ఆ ప్రమాదం ఎలాగూ ఉండనే ఉందని చెప్పింది. ఉన్న గడ్డు రోజులు చాలవనా ఈ గడ్డలు కూడా, అని విసుక్కుంది. అలాగని అన్నీ మానేసి కూర్చుంటే వచ్చే గర్భం అన్నిటికన్నా ప్రమాదమట. గర్భం రాకుండా ఆపే, ఈస్ట్రోజెన్ లేని సన్నటి మందుపుల్ల ఒకటి జబ్బచర్మం కింద పెడితే ఇలాంటి వాళ్ళకు మేలట. కికెలోమో అప్పుడే పెట్టించుకుంది.

బస్సెక్కాక గాని ఆమెకు గుబులు పుట్టలేదు. అట్ట తిరిగివ్వాలి.

టిటిలోపే ఎవరిదో గౌనుకు లేసు కుడుతోంది. కికెలోమో సిమెంటు నేలమీద మోకరిల్లింది. తుంటి కలుక్కుమంది. అట్టను రెండు చేతులా చాపింది.

"ఏంటే పెళ్ళామా, నేనిచ్చింది నాకే తెచ్చావు? విషం కలిపానా?"

"మీకు మందే ఆంటీ. నా రక్తానికి పడదన్నారు. మీ కొలతకు కుట్టిన గౌను నేను తొడిగితే చంకల్లో పిగిలిపోదూ?"

"ఏడాదిగా మింగుతున్నా. నాకేమైంది?"

"మీకేం కాదు. నాకేమైనా అయితే మాత్రం నా ఆడపిల్లలిద్దరినీ మీరే పెంచాలి."

మిషను ఆగింది. కోపం తెచ్చుకోవాలో భయపడాలో టిటిలోపేకు తేలలేదు. అట్ట అందుకుని, దారపుండల పెట్టెలో పడేసింది. వంగి కికెలోమో మోచెయ్యి పట్టుకుని లేపింది. జబ్బమీద కట్టు కనిపిస్తే ఏమిటని అడిగింది. కికెలోమో చెప్పింది.

"అమ్మకు తెలుసా? మగపిల్లాడు కావాలంటూ కూర్చుంది."

"ఇంకా చెప్పలేదు ఆంటీ."

"నేను చెప్తాలే. నువ్వైతే మళ్ళీ మోకరిల్లాలి."