మొగ్గలు ఒలిచిన మర్నాడు

సెప్టెంబరు పన్నెండు, శుక్రవారం. మధ్యాహ్నం జొన్నరొట్టె, ఎర్రకారం తిన్నాం. తిమ్మమ్మ తన రొట్టెలో సగం తుంచి నా చేతిలో పెట్టింది.

"నోరు చేదుగా ఉండాది సార్. నువ్వు తిను."

ఆమె చెయ్యి కాలిపోతోంది.

కోయిలకుంట్ల దగ్గర రాఘవేంద్రప్రసాద్ షావుకారు విత్తనపత్తి చేను అది. కోసిగి నుంచి వలస వచ్చిన నలభై మందికి ఒకటే రేకుల షెడ్డు. పక్కనే బడిపంతులునైన నా అద్దె ఇల్లు. నా భార్య పోయినప్పటి నుంచి వాళ్లతోనే తింటున్నాను.

సంకర విత్తనం కోసం సాయంత్రం మొగ్గ ఒలిచి పుప్పొడి తీసెయ్యాలి. మర్నాడు పది గంటల్లోపు వేరే రకం పువ్వు తెచ్చి దానికి రుద్దాలి. రుద్దకపోతే మొగ్గ రాలిపోతుంది. ఒక్క పూట మానినా చివరి నెల కూలి ఇవ్వనని షావుకారు షరతు. అందుకే జ్వరమొచ్చిన వాళ్లంతా దాన్ని దాచారు. కొంగు నోట్లో కుక్కుకుని దగ్గారు. పది రోజుల్లో షెడ్డంతా మూలిగింది.

ఆ సాయంత్రం తిమ్మమ్మ సాళ్ల మధ్య కూలబడింది. ఊపిరి అందడం లేదు.

"సామీ, జీపియ్యి. నంద్యాలకు తీస్కపోతా," అన్నాడు షావుకారుతో ఆమె భర్త ఉరుకుందప్ప.

"పడిశానికి జీపేందప్పా? పొద్దున పూలు రుద్దినాక చూద్దాం."

నేను పిలిపించిన ఆటో నల్లరేగడి బురదలో దిగబడింది. తెల్లవారేసరికి తిమ్మమ్మ లేదు.

షావుకారు వచ్చి చేను వైపు చూశాడు. "ముందు పూలు రుద్దండి. ఆమెను మళ్లా ఎత్తుకోవచ్చు."

కృపారాణి లేచింది. తిమ్మమ్మ పక్క సాలు ఆమెదే.

"సార్, ఈ జరంతో పనిరోజులు పోయి దేశానికి శానా నష్టమని పేపర్లో చదివి చెప్తివి గదా. ఆ లెక్కలో మన తిమ్మక్క ఉండాదా?"

"లేదమ్మా. అది సెలవు దొరికేవాళ్ల లెక్క."

"విన్నారా? ఈ పొద్దు పువ్వు ముట్టేది లేదు."

"ఆఖరి నెల దుడ్లు పోతాయి పాపా," అన్నాడు చిన్న ఈరన్న దగ్గుతూ.

"నిన్న తిమ్మక్క గూడా ఆ దుడ్లకే మొగ్గలు ఒలిచె మామా!"

ఈరన్న పూలబుట్ట బోర్లించి దాని మీదే కూర్చున్నాడు. ఒకరి వెనుక ఒకరు మిగిలినవాళ్లందరూ శవం చుట్టూ కూర్చున్నారు. జ్వరమొచ్చిన వాళ్లకు కూలితో విశ్రాంతి, ఆస్పత్రికి బండి. అడిగింది ఇంతే.

"పది కావస్తాంది, మీ కాళ్లు మొక్కుతా!" షావుకారు గొంతు బొంగురుపోయింది. పది దాటింది. నిన్న ఒలిచిన మొగ్గలన్నీ ఎండకు వడిలాయి.

పదకొండుకు పోలీసులొచ్చి కృపారాణిని జీపెక్కించారు. ఒక ముసలి కానిస్టేబులు మాత్రం తన నీళ్ల సీసా ఆమెకిచ్చి మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆమె తాగలేదు. ఈరన్న చేతికందించింది.

"జరమొచ్చినోళ్లను పండుకోనీండి! ఎవురూ లేపొద్దండి!" జీపు కదిలినా ఆమె అరుపు ఆగలేదు.

తిమ్మమ్మను పూడ్చి వచ్చాం. మొగ్గలు ఒలిచే వేళయింది. షావుకారు గంట కొట్టించాడు. ఒక్కరూ కదల్లేదు.

జ్వరమున్న పదకొండు మందికీ నా ఇంట్లో చాపలు పరిచాం. పది రోజుల్లో మొదటిసారి వాళ్లు కొంగు అడ్డం లేకుండా దగ్గారు. దగ్గి దగ్గి నిద్రపోయారు. బయట గంట ఇంకా మోగుతూనే ఉంది.

ఉరుకుందప్ప లేచి, వాళ్ల నిద్ర చెదరకుండా, మెల్లగా తలుపు మూశాడు.