ఫోనుకున్న రెండో చెవి

తాన్ ఆ వారంలో మూడోసారి వచ్చి నా కౌంటరు ముందు నిలబడ్డాడు. పసుపు చొక్కా, చంకలో హెల్మెట్, షెన్‌జెన్ ఎండలో కూడా మెడకు గట్టిగా చుట్టిన గుడ్డ. ఆర్డరు పెట్టినవాళ్ల ఇళ్లకు భోజనాలు చేరవేసే పని అతనిది. మాట్లాడడు. చెప్పాల్సింది ఫోనులో టైపు చేసి చూపిస్తాడు.

"నేను ఫోను చేస్తే అవతలివాళ్లకి వినపడటం లేదు. ఆకతాయి ఫోను అనుకుని పెట్టేస్తున్నారు. రెండు ఫిర్యాదులు పడ్డాయి. ఇంకోటి పడితే నా పేరు కొట్టేస్తారు."

షెన్‌జెన్‌లోని ఈ హువాచియాంగ్‌పేయ్ ఎలక్ట్రానిక్స్ బజారులో ఇరవై రెండేళ్లుగా ఫోన్లు బాగుచేస్తున్నాను. మైకు సంగతి నాకు తెలియనిది కాదు. ఆవగింజకి కాస్త పెద్దదిగా ఉండే రేకు డబ్బీ అది. దాని లోపల కంటికి ఆనని పొర ఒకటి ఉంటుంది. మాట తగిలితే ఆ పొర వణుకుతుంది, ఆ వణుకే కరెంటుగా మారుతుంది. తాన్ మొదటిసారి వచ్చినప్పుడు ఫోను కింది అంచున ఉన్న సన్న రంధ్రంలో నూనె జిడ్డు కనిపిస్తే బ్రష్‌తో తీశాను. రెండోసారి ఏకంగా మైకే మార్చాను.

రెండుసార్లూ ఇక్కడ అందరం చేసే పరీక్షే చేశాను. కస్టమరు ఫోనులోంచి పక్క కౌంటరు సూ అక్కకి రింగు ఇచ్చి, "హలో హలో, ఒకటి రెండు మూడు" అన్నాను. ఫోను కవర్లు సర్దుకుంటూనే ఆవిడ బొటనవేలు ఎత్తింది. అంటే బాగైపోయినట్టే.

మూడోసారీ అదే చేశాను. సూ అక్క మళ్లీ బొటనవేలు ఎత్తింది.

"చూడు తమ్ముడూ, మైకు బ్రహ్మాండంగా ఉంది," అన్నాను. నా గొంతులో విసుగు నాకే తెలిసింది. "నీ సిమ్ము కంపెనీవాళ్లని అడుగు."

తాన్ కదల్లేదు. హెల్మెట్ పట్టీని వేళ్లతో నలుపుతూ నిలబడ్డాడు.

సూ అక్క కవర్ల కట్ట పక్కన పడేసి ఇటు తిరిగింది. "జ్వాంగ్, నీ గొంతు నాకు వినపడితే ఆయనకేం ఒరిగింది? ఫోనులో మాట్లాడాల్సింది నువ్వా, ఆయనా?"

"నేను మాట్లాడితే వినపడేది ఎవరు మాట్లాడినా వినపడుతుంది అక్కా."

"ఒకసారి ఆయన్ని అననిస్తే నీ సొమ్మేం పోయింది? ఇరవై రెండేళ్లుగా ఒకటి రెండు మూడు దగ్గరే ఆగిపోయావు."

సూ అక్కకి మళ్లీ రింగు ఇచ్చి, తాన్ చేతికి ఫోను ఇచ్చాను. అతను అటూ ఇటూ చూసి, మెడ గుడ్డ కాస్త వదులు చేశాడు. గొంతు కింద చిన్న కన్నం ఉంది. దాన్ని బొటనవేలితో మూసి నోరు తెరిచాడు. బొంగురుగా, సగం గాలిలా ఉంది మాట. "పోయినేడు ఆపరేషన్ అయింది మాస్టరు గారూ. క్యాన్సరు. మా హునాన్ వైపు అందరిలాగే చిన్నప్పట్నుంచీ వక్క నమిలాను. ఈ గొంతు విని జనం భయపడతారని ఎదురుగా ఎవరితోనూ మాట్లాడను, తప్పనిసరై ఫోనులోనే."

ఎదురుగా ఉన్న నాకు ప్రతి మాటా తెలిసింది. సూ అక్క మాత్రం ఫోను చెవికి ఆనించుకుని తల అడ్డంగా ఊపింది. "ఏమీ లేదు. అక్కడక్కడ చిటపట."

అదే గొంతును అదే ఫోనులో రికార్డు చేసి చూశాం. శుభ్రంగా వినిపించింది.

అప్పుడు వెలిగింది నాకు. ఫోనుకి చెవులు రెండు. కింది రంధ్రం నోటి మాట వింటుంది, పైఅంచున ఉన్నది వీధి గోల వింటుంది. రికార్డింగులో కాదు గానీ, కాల్ మాట్లాడేటప్పుడు రెండూ పోల్చి, గోల అనుకున్నదాన్ని ఫోను తీసేస్తుంది. తాన్ గొంతు గాలి చప్పుడులా ఉంటుంది కదా, దాన్నీ గోల కింద జమకట్టి చెరిపేస్తోంది. నేనేమో బాగున్న మైకు పీకేసి కొత్తది పెట్టాను.

వేడికి ఊడని పసుపు టేపు గోరంత కత్తిరించి, పై రంధ్రం మీద అంటించాను. ఆ చెవి మూసుకుపోతే పోల్చి చెరిపేందుకు ఏమీ ఉండదని, సూ అక్కకి మళ్లీ రింగు ఇచ్చాను.

"ఇప్పుడు మాట్లాడు."

"అక్కా, వినపడుతోందా?"

సూ అక్క వెంటనే బొటనవేలు ఎత్తలేదు. ఫోను చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది. "వినపడుతోంది నాయనా. వెనకాల మా జ్వాంగ్ ఫ్యాను మోత కూడా వినపడుతోంది."

"ఇది పూర్తి వైద్యం కాదు," అని తాన్‌తో ఉన్నమాట చెప్పాను. "ఇక నీ ఫోనులో రోడ్డు గోలంతా అవతలివాళ్లకి వెళ్తుంది. బాగా రద్దీలో నీ మాట దాని కింద పడిపోవచ్చు."

"గోలతో పాటు నేనూ ఉంటాను కదా మాస్టరు గారూ." గుడ్డ మళ్లీ చుట్టుకుంటూ నవ్వాడు.

ఒక కప్పు టీ పోసిచ్చాను. మైకుకి తీసుకున్న డబ్బు వెనక్కి ఇవ్వబోతే ససేమిరా అన్నాడు. సూ అక్క ఆ నోటు అతని హెల్మెట్‌లో పడేసింది.

మర్నాడు మధ్యాహ్నం ఇద్దరికీ నూడుల్స్ తెప్పించాను. కాసేపటికి నా ఫోను మోగితే ఎత్తాను. ముందు బస్సు హారను, ఎవరో కేకలు, లిఫ్టు గంట. వాటి మధ్యలోంచి బొంగురు గొంతు.

"మాస్టరు గారూ, మీ భోజనం కింద రెండో గేటు దగ్గరుంది. చల్లారకముందే రండి."

"ఎవరు?" అంది సూ అక్క.

"తాన్."

"అయితే కూర్చుని టీ తాగుతావేం? వెళ్లు, పాపం ఎండలో నిలబడ్డాడు."

ఇప్పుడు నా కౌంటరుకి ఎవరొచ్చినా ఫోను బాగుచేసి వాళ్ల చేతికే ఇస్తాను. "మీరే మాట్లాడండి," అంటాను.