చెయ్యి పెట్టి చూస్తేగాని

పాలు పొంగేలోపు కాశమ్మ కడుపు చూడాలి. బెడ్‌రూమ్‌లో బల్ల మా ఆయన జగదీశ్వర్ ఆఫీసైపోయింది కాబట్టి నా ఆస్పత్రి వంటింట్లోకి వచ్చింది. "ఫోన్ల మాట్లాడుడే గదా స్రవ్యా, వంట జేస్కుంట మాట్లాడరాదూ?" అన్నాడు. పన్నెండేళ్ళు సర్జన్‌గా కత్తి పట్టినదాన్ని, కరోనా పుణ్యమా అని ఫోనును ఉప్పు డబ్బాకి ఆనించి పేషెంట్లను చూస్తున్నాను. అత్తమ్మ అయితే మా హుస్సేనీ ఆలం గల్లీ అంతా చెప్పుకుంది. "మా కోడలిప్పుడు ఇంట్లనే ఉంటుంది, పనామెను బంద్ జేసినం."

ఫోన్‌లో చూడటమంటే నాకు భయం. సర్జన్లందరికీ భయమే, మగవాళ్ళు దాన్ని వెటకారంగా చెబుతారంతే. "కడుపు ముట్టకుండ చెప్పేటోడు సర్జన్ గాదమ్మా, చిలుక జోస్యం చెప్పేటోడు" అంటారు మా పెద్ద డాక్టరు. పోయిన వారం మాలో ఒకరు ఫోన్‌లో గ్యాస్ అనుకున్న నొప్పి అపెండిక్స్. అది పగిలాక తెలిసింది. ఆ పేషెంట్ బతకలేదు. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు. మొన్నటి నుంచి కడుపులో నొప్పి, అన్నం సహించదు, నిన్న రెండుసార్లు వాంతి. భయానికేలే అనుకుని జీలకర్ర నీళ్ళు తాగి రొట్టెలు చేశాను. "మొగం గట్ల వెట్టకు, మేం గోస వెడుతున్నమనుకుంటరు" అంది అత్తమ్మ.

కాశమ్మ ధూల్‌పేట్‌లో వినాయకులకు రంగులేస్తుంది. పది రోజుల కిందట, నేనింకా ఆస్పత్రికి వెళ్తున్నప్పుడు, ఆమెకు రాళ్ళున్న గాల్‌బ్లాడర్ తీశాను. నిన్నటి నుంచి నొప్పట. కూతురు స్వీటీ ఫోన్ పట్టుకుంటే కుట్లు చూపించింది. పైకి బాగానే ఉన్నాయి. మరి లోపల? నా వేళ్ళు ఊరికే కదులుతున్నాయి, వాటికి తగిలేది ఫోన్ అద్దమే.

"కాశమ్మా, మునివేళ్ళ మీద లేచి, మడమల మీద దబ్బున దిగు. లోపల చెడితే కడుపు జివ్వుమంటుంది."

"సమజ్ గాలే డాక్టరమ్మా. మీరు జేసి సూపెట్టుండ్రి."

లేచాను. దిగాను.

కుడివైపు, పొత్తికడుపులో కత్తి దిగినట్టయింది. స్టవ్ గట్టు పట్టుకుని వంగిపోయాను.

ఫోన్‌లో కాశమ్మ మూడుసార్లు దబదబా దిగింది. "నాకేం గాలే. గని డాక్టరమ్మా, మీకే నొస్తున్నది గదా? మొగమంత చెమటలు వట్టినయ్. ఇంట్ల ఎవలు లేరా?"

"ఉన్నారు" అన్నాను. "జ్వరమొస్తే మాత్రం ఆగకుండా ఆస్పత్రికి రా కాశమ్మా."

"ముందుగాల మీరు పోండ్రి."

కడుపు మీద చెయ్యి పెట్టి మెల్లగా నొక్కి, టక్కున వదిలాను. వదిలినప్పుడు ప్రాణం పోయినంత పనైంది. ఎందరి కడుపుల మీదో చూసిన నొప్పి, నాకు తెలియకపోవడమేంటి? రెండు రోజులుగా ఈ ఇంట్లో నా చెయ్యి పడని గిన్నె లేదు, నా కడుపు మీద మాత్రం పెట్టుకోలేదు. ఆ చచ్చిపోయిన పేషెంట్ గుర్తొచ్చాడు.

"పాలన్ని పోతున్నయ్!" అత్తమ్మ అరిచింది. జగదీశ్వర్ తలుపు తీశాడు. అపెండిక్స్ అని చెప్పాను, ఆస్పత్రికి పోవాలన్నాను.

"గిప్పుడా? ఆ రోగం ఇంటికి తెస్తవా ఏంది? గ్యాస్ గోలీ ఏస్కో, సాయంత్రం సూద్దాం. మీటింగ్ల ఉన్న." తలుపు మూసుకుంది.

స్టవ్ ఆపేశాను. డ్యూటీ డాక్టర్ ప్రీతికి ఫోన్ చేశాను. "అపెండిక్స్ కేసు, థియేటర్ సిద్ధం చెయ్. పేషెంట్ నేనే. అంబులెన్స్ పంపు."

"జగదీశ్వర్ సార్ వస్తున్నారా మేడమ్? ఆపరేషన్‌కి సంతకం..."

"కడుపు నాది ప్రీతీ. సంతకం నేనే పెడతాను."