వాకిట్లో నీళ్లు

"ఆకు కనవడ్తుంది."

పొద్దున్నే చాయ్ గ్లాసు పట్టుకుని వరండాలోకి వచ్చి విజయేందర్ అనే మొదటి మాట అది. భార్య తిరుమల తిన్నదా, ఆమె నడుం నొప్పి తగ్గిందా అన్న మాటలన్నీ ఆ తర్వాతే, అవి కూడా గుర్తొస్తేనే. ఆకు కనిపిస్తోందని తిరుమలతో చెప్పినట్టు ఉండదు, తనలో తాను అనుకున్నట్టూ ఉండదు. కానీ ఆ మాట చెవిన పడగానే చేతిలో చీపురు గోడకు ఆనించి, నీళ్ల మీది ఆకు తీసేందుకు పొడుగు కట్టెకు బిగించిన జాలి వల అందుకోవలసింది మాత్రం తిరుమలే. హోలీ దగ్గరపడే రోజుల్లో వేపచెట్టుకు ఆకు రాల్చడం తప్ప వేరే పని ఉండదు. ఇటు తీస్తుంటే అటు రాలుస్తుంది. దానికి తోడు మామిడిపూత, కొత్తగా గాలికి రాలే పిందె.

లక్సెట్టిపేట దాటాక రోడ్డు పక్కనే వాళ్ల మామిడితోట. తోటలో ఇల్లు, ఇంటి ముందు ఊళ్లో ఇంకెవరికీ లేని స్విమ్మింగ్ పూల్. విజయేందర్ మస్కట్‌లో పదేళ్లకు పైగా ఉండి వచ్చాడు. అక్కడ ఒక పెద్ద హోటల్లో పూల్ శుభ్రం చేసే పని. గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లంతా ఇంటి మీద ఇల్లు వేసుకుంటుంటే ఇతడు గొయ్యి తవ్విస్తున్నాడని ఊరంతా నవ్వింది. ఇప్పుడెవరూ నవ్వడం లేదు. ఎండ ముదిరితే చాలు, మంచిర్యాల నుంచీ శ్రీరాంపూర్ నుంచీ కార్లేసుకుని వచ్చి, కిరాయికి మాట్లాడుకుని, రోజంతా దుంకి పోతారు. గేటు మీద 'విజయ్ గార్డెన్స్' అని బోర్డు ఉంది. ఆ బోర్డు మీది దుమ్ము తుడిచేది కూడా తిరుమలే.

మొదటి నెల అతడే శుభ్రం చేశాడు, లేదనకూడదు. ఆ తర్వాత ఒకరోజు, "జర జాలి పట్టు, ఫోన్ మాట్లాడొస్త" అని చేతికిచ్చి పోయాడు. ఆ ఫోన్ ఇప్పటిదాకా అయిపోలేదు. "నువ్వు నేర్సిన పనే గదా, నువ్వెందుకు చెయ్యవ్?" అని ఆమె అడిగితే, "మస్కట్ల చేసి చేసి రెక్కలు పోయినయ్, ఇగ నాతోని గాదు" అన్నాడు. అత్త సమ్మవ్వ తీర్పు ఇంకా సులువు. "వాకిట్ల ఉన్నది వాకిలే గదనే! వాకిలి నీదే, నీ పనే. వాకిలి ఊడ్సుడు మొగోని పనా?" ఆ మాటతో అంత లోతు నీళ్లూ వాకిలి కిందికి వచ్చేశాయి. అంట్లు, బట్టలు, గొడ్లు, తోటకు నీళ్లు, వాటి వెనకాల పూల్.

సమ్మవ్వ ఆ మాట ఊరికే అనలేదు, మనసారా నమ్మింది. పోయినేడు శుక్రవారం శుక్రవారం వాకిలితో పాటు పూల్ చుట్టూ కూడా పెండనీళ్లతో సాన్పి చల్లి ముగ్గు పెట్టింది. ఒక వాన జల్లుకు ఆ పెండంతా జారి నీళ్లలోకి దిగింది. రెండు రోజులు తిరగకుండా పూల్ పాకురు పట్టి ఊరి బయటి కుంటలా తయారైంది. వచ్చిన గిరాకీ ముక్కు మూసుకుని వెనక్కి పోయింది. విజయేందర్ తల్లిని పల్లెత్తు మాట అనలేదు. "ఇంట్ల ఉండి ఏం జేస్తున్నవే? నీళ్లు గిట్లయ్యేదాంక నీ కండ్లు యాడవెట్టినవ్?" అని పెళ్లాం మీద పడ్డాడు. గోడలకు పట్టిన పాకురు గోకుతూ ఏడవాలో నవ్వాలో తెలియక తిరుమల నవ్వేసింది. కోపం మాత్రం లోపలే ఉండిపోయింది.

ఆమెది చెన్నూరు దగ్గరి పల్లె. చిన్నప్పుడు ఈత నేర్పుదామని బాపు పరశురాములు ఆమె నడుముకు తాడు, వీపుకు ఎండిన ఆనపకాయ బుర్ర కట్టి వ్యవసాయ బావిలోకి దింపాడు. "భయమెందుకు బిడ్డా, తాడు నా చేతులున్నది" అన్నాడు. ఆ ఎండాకాలం అయిపోయేసరికి తాడూ లేదు, బుర్రా లేదు. గడ్డ మీది నుంచి దుంకి, అడుగున మన్ను పిడికిట్లో పట్టుకుని పైకి తేలేది. వాడకట్టు మొగపిల్లలు ఆమెతో పందెం వేయడమే మానుకున్నారు. పెళ్లయ్యాక ఆమె తల నీళ్లలో మునగలేదు. బకెట్ నీళ్లు, చెంబు నీళ్లు, అంతే. నీళ్లలో ఒళ్లు తేలికైపోయే ఆ క్షణం కోసం ఆమె ఎంత మొహం వాచిపోయిందో ఆమెకే తెలుసు.

అందుకే పూల్ కడదామని అతడన్నప్పుడు ఆమెకు సంబురం ఆగలేదు. మస్కట్ నుంచి వచ్చిన కొత్తలో అతడు ఒకసారి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "గా ఎండకు కాళ్లు బొబ్బలెక్కేటియి తిరుమలా. అన్నేండ్లు గా నీళ్లు నేనే కడిగిన. ఒక్క దినం దిగనియ్యలే. పనోళ్లు దిగొద్దని బోర్డు వెట్టిన్రు. అందరు పోయినంక చెయ్యి ముంచి కూసునేటోన్ని. నాదని నీళ్లుండాలె" అన్నాడు. ఆమె అతడి తల ఒడిలోకి తీసుకుని, కట్టుకుందామన్నది. ఆ 'నాది'లో తానూ ఉన్నాననుకుంది, పిచ్చిది.

పూల్ నిండాక అడిగింది కూడా. "గిరాకీ లేనప్పుడు నేనొక్కసారి దిగనా?" అతడు నవ్వాడు. "నువ్వు దిగుతవా? గా చీరెతోని? ఎవ్వలన్న సూస్తే మల్ల గిరాకీ వస్తదా?" సమ్మవ్వ అయితే చెవులు మూసుకుంది. "ఇంటి కోడలు వాకిట్ల మునుగుడేందే, ఇజ్జత్ పోతది!" ఆమె మళ్లీ అడగలేదు. కోరిక మాత్రం పోలేదు. ఆకులు తీసినంతసేపూ తీసి, ఎవరూ చూడకుండా గట్టు మీద కూర్చుని, ఒక చేయి మోచేతి దాకా ముంచి కాసేపు అట్లాగే ఉంచేది. మస్కట్‌లో ఆయన కూడా ఇట్లాగే కూర్చున్నాడు కదా అని గుర్తొచ్చి కడుపు మండేది.

పోయినేడు హోలీకి అతడి దోస్తులు డబ్బాల కొద్దీ రంగులు పూసుకుని వచ్చి పూల్‌లో పడ్డారు. సాయంత్రానికి నీళ్లు నేరేడుపండ్లు పిసికినట్టయ్యాయి. నీళ్లు మొత్తం తోడించి టైల్స్ ఒక్కొక్కటీ తోమితే, ఉగాది దాకా ఆమె అరచేతుల ఊదారంగు వదల్లేదు. అన్నంలో చేయి పెట్టబుద్ధి కాలేదు. ఈ ఏడు హోలీకి ఎవరినీ పిలవనని ఆమె నెత్తి మీద చేయి పెట్టి చెప్పాడు. తీరా పండుగ దగ్గరికొచ్చాక, "మాటిచ్చిన. రాకుండ్రి అంటే దోస్తుల్ల బద్నాం గానా?" అన్నాడు. ఆమెకిచ్చిన మాట మాట కాదు కాబోలు.

హోలీకి ముందురోజు మధ్యాహ్నం ఉన్నట్టుండి మబ్బు కమ్మింది. ముందు గాలిదుమారం, వెంటనే వడగండ్లు. రేకుల మీద రాళ్ల మోత, ఒకరి మాట ఒకరికి వినపడలేదు. తోటలో సగం పిందె నేలపాలైంది, కరెంటు స్తంభం ఒకటి ఒరిగింది. పూల్‌లో కొమ్మలు, ఆకు, పిందె, మన్ను. "గీ వానకు గియ్యాల్నే రావాల్నా? థూ!" అని విజయేందర్ ఆకాశాన్ని తిట్టాడు. ఆకాశం లెక్కచేయలేదు. అప్పుడతడు భార్య వైపు తిరిగాడు. "పొద్దుగాల మేమొచ్చేటాల్లకు నీళ్లు తళతళలాడాలె. పరేషాన్ చెయ్యకు."

తెల్లవారి అతడు మటన్ కోసం, దోస్తుల కోసం కారు తీసుకుని లక్సెట్టిపేట పోయాడు. తోటలో పనికి వచ్చే లస్మవ్వ రాలిన పిందె ఏరుదామని గంప పట్టుకొచ్చి, పూల్ చూసి నోరు నొక్కుకుంది. ఇద్దరూ కలిసి పైన తేలేదంతా జాలితో లాగేశారు. కానీ బరువుదంతా అడుగుకు చేరింది. దాన్ని గుంజే పైపు మోటరుతో నడుస్తుంది, మోటరు కరెంటుతో నడుస్తుంది, కరెంటు లేదు. తిరుమల మొగుడికి ఫోన్ చేసింది.

"మోటర్ నడుస్తలేదు. అడుగుది ఎట్ల తియ్యాలె?"

"దిగి తియ్యి."

ఆమెకు సరిగా వినపడలేదనుకుంది. "ఏందీ?"

"నీళ్లల్లకు దిగి తియ్యే! గిప్పుడు సూసెటందుకు ఎవ్వలున్నరు? మేమొచ్చేటాల్లకు ఎక్కి చీరె మార్చుకో, సరేనా?"

ఫోన్ పెట్టేశాడు. తిరుమల ఆ ఫోన్ పట్టుకుని గట్టు మీదే నిలబడిపోయింది. దిగి తియ్యి. ఎంత తేలిగ్గా అన్నాడు! ఇన్ని దినాలూ చీరెతో దిగితే గిరాకీ పోతుందని, ఇజ్జత్ పోతుందని ఆపిన మనిషి. ఇవాళ అదే చీరె, అవే నీళ్లు, అదే మనిషి తను. మరి ఇవాళ ఇజ్జత్ ఎక్కడికి పోయింది? పనికైతే దిగొచ్చు. పని లేకుండా, తన కోసం, తన ఒంటి సంతోషం కోసం దిగకూడదు, అంతే కదా దాని అర్థం. వంటింట్లో అందరికీ వేడివేడిగా వడ్డించి తను చల్లారింది తిన్నప్పుడు, ఆదివారం గిరాకీ ప్లేట్లు కడుగుతూ వాళ్ల పాటలు విన్నప్పుడు, తన బతుకులో ఎక్కడ చూసినా ఈ షరతే ఉంది. ఎవరూ నోటితో అనలేదు గనుక ఇన్నాళ్లూ ఆమె దానికి పేరు పెట్టలేకపోయింది. ఇవాళ ఆయనే ఫోన్‌లో గట్టిగా అన్నాడు. కండ్లలో నీళ్లు తిరిగాయి గానీ అది ఏడుపు కాదు, మంట.

ఫోన్ గట్టు మీద పెట్టి, చీర గోచీలా కాసె పోసి, కొంగు నడుముకు బిగించి, తిరుమల నీళ్లలోకి దుంకింది.

వడగండ్లు కరిగిన నీళ్లు. చల్లదనం ఎముకల దాకా కొట్టింది. ఒక్క క్షణం ఊపిరి ఆగింది, ఆ తర్వాత చేతులు వాటంతట అవే కదిలాయి. దేనినీ మరిచిపోలేదు ఆ చేతులు. అడుగుదాకా పోయి రెండు పిడికిళ్ల నిండా ఆకు పట్టుకుని పైకి తేలి, "లస్మవ్వా, గంప పట్టు!" అని అరిచింది. ఆ గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. మునిగింది, తేలింది, మళ్లీ మునిగింది. మూలమూలా తిరిగి చూసి, అడుగు టైల్స్ మెరిసేదాకా పని చేసింది. పని అయిపోయింది.

"ఎక్కు బిడ్డా, వణుకుతున్నవ్" అంది లస్మవ్వ.

"సలికి గాదు లస్మవ్వా" అంటూ తిరుమల వెల్లకిలా తేలింది. వాన కడిగిన ఆకాశం, దూరంగా చేనుగట్టు మీద ఎర్రగా మోదుగుపూలు. చెవుల్లో నీళ్లు నిండి ఊళ్లోని డప్పులు ఎక్కడో దూరంగా వినపడుతున్నాయి. ఆమెకు ఆనందంగా ఉంది. ఎంత ఆనందంగా ఉందంటే, నోరు తెరిచి నవ్వితే నీళ్లు లోపలికి పోయి పొలమారింది.

సమ్మవ్వ లోపలి నుంచి వచ్చి చూసి గుండెల మీద చేయి వేసుకుంది. "ఇంక ఎక్కలేదానే! వాళ్లొచ్చే యాళ్లయింది!"

"ఎక్కనత్తా."

"ఏందే?"

"వాకిలి నీదే అన్నవ్ గదా. నా వాకిట్ల నేనున్న. నువ్వు గూడ కాళ్లు వెట్టు, సల్లగున్నయ్."

లస్మవ్వ అప్పటికే గట్టు మీద కూర్చుని మోకాళ్ల దాకా కాళ్లు దింపేసింది. ఇటు చూసి, అటు చూసి, పగిలిన మడిమలు రెండూ మెల్లగా నీళ్లలో పెట్టింది సమ్మవ్వ. "అవ్వో" అంది. కాళ్లు తీయలేదు.

గేటు బయట కార్లు ఆగాయి. రంగులు పూసుకున్న దోస్తులు కేకలేసుకుంటూ లోపలికి వచ్చి టక్కున ఆగిపోయారు. మటన్ సంచి పట్టుకుని విజయేందర్ గబగబా గట్టు దాకా వచ్చి, పళ్ల సందుల్లోంచి అన్నాడు. "ఏమే, ఎక్కు! దోస్తులున్నరు, కనవడ్తలేదా?"

తిరుమల మెడ దాకా నీళ్లలో నిలబడి అతడి మొహంలోకి సూటిగా చూసింది.

"పనోళ్లు దిగొద్దని మస్కట్ల బోర్డు వెట్టిన్రని ఏడిస్తివి గదా. మరి గీడ గా బోర్డు ఎవ్వలు వెట్టిన్రు?"

అరుస్తాడనుకుంది. అరవలేదు. దెబ్బ తగిలినవాడిలా నిలబడ్డాడు. సంచి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. అతడి చూపు నీళ్ల మీద పడి అక్కడే ఆగింది. వెనక నుంచి హనుమండ్లు అనే దోస్తు గొంతు సవరించుకుని, "నడువుండ్రిరా, గోదారికి పోదాం. ఇయ్యాల గీడ వదినెవాళ్లు ఉన్నరు" అన్నాడు. కార్లు వెనక్కి తిరిగాయి.

విజయేందర్ సంచి కింద పెట్టాడు. తల్లి పక్కన కూర్చుని, చెప్పులు విడిచి, ప్యాంటు మడిచి, ఒక కాలు నీళ్ల వైపు చాపాడు.

"ఆగు" అంది తిరుమల.

చేయెత్తి పూల్ అవతలి మూల చూపించింది. అక్కడ నీళ్ల మీద ఒకే ఒక్క వేపాకు తేలుతోంది. జాలి గోడకు ఆనించి ఉంది.

"ఆకు కనవడ్తుంది" అని, ఆమె మళ్లీ నీళ్లలో మునిగింది.